మధ్యస్థాయి డీఎస్ఎల్ఆర్: అదనంగా పెట్టే డబ్బు ఎక్కడికి పోతోంది?

క్లుప్తంగా: ఎంట్రీ లెవెల్ కెమెరా నుంచి మధ్యస్థాయి డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే కెమెరాకు) మారితే ఫొటో నాణ్యత పెద్దగా పెరగదు. పెరిగేది ఫోకస్ వేగం, వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ), చేతికి అందే కంట్రోళ్లు. వెలుతురు తక్కువున్న చోట బాడీ కన్నా లెన్స్ చేసే మేలే ఎక్కువ. కెనన్, నికాన్ కొత్త డీఎస్ఎల్ఆర్‌లు తేవడం మానేశాయి. అందుకే ఇప్పుడు బాడీతో పాటు లెన్సుల భవిష్యత్తు కూడా చూసుకుని కొనాలి.

డీఎస్ఎల్ఆర్ కొనాలా వద్దా అన్న సందేహానికి కారణాలు బలంగానే ఉన్నాయి. 2020 ఫిబ్రవరి తర్వాత కెనన్ గానీ నికాన్ గానీ కొత్త డీఎస్ఎల్ఆర్ బాడీ ప్రకటించలేదు. సోనీ తన ఏ-మౌంట్ కెమెరాలను 2021లో ఆపేసింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీఐపీఏ లెక్కల ప్రకారం 2012లో కోటీ 60 లక్షలకు పైగా డీఎస్ఎల్ఆర్‌లు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లాయి. 2023 నాటికి ఆ సంఖ్య 12 లక్షల లోపుకు పడిపోయింది. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు 2020లోనే వీటిని దాటేశాయి.

ఇంకోవైపు, స్టూడియోలు మిర్రర్‌లెస్‌కి మారుతూ తమ పాత బాడీలు అమ్మేస్తున్నాయి. ఒకప్పుడు అందని ధరలో ఉన్న కెమెరాలు సెకండ్ హ్యాండ్‌లో చేతికందుతున్నాయి. ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నవాళ్లకు, చిన్న ఊళ్లో స్టూడియో పెట్టుకునేవాళ్లకు ఇది నిజంగా మంచి అవకాశం. కాకపోతే స్పెసిఫికేషన్ల పట్టీలో ఏ అంకెకు ఎంత విలువ ఇవ్వాలో తెలిసి ఉండాలి.

మెగాపిక్సెళ్లు చెప్పని సంగతి

నికాన్ వరుసలో అన్నిటికన్నా చవకైన డీఎస్ఎల్ఆర్‌గా 2018లో వచ్చింది డీ3500. దాని సెన్సర్ 24.2 మెగాపిక్సెళ్లు. అదే కంపెనీ 2016లో క్రీడలు, వన్యప్రాణుల ఫొటోగ్రాఫర్ల కోసం తెచ్చిన ఖరీదైన డీ500 సెన్సర్ 20.9 మెగాపిక్సెళ్లే. తక్కువ పిక్సెళ్లకు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలన్న ప్రశ్న ఇక్కడ సహజం.

మధ్యస్థాయి కెమెరాలను అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్నే మంచి మొదలు. కెనన్ కూడా 800డీ, 77డీ, 80డీ మూడింట్లోనూ 24.2 మెగాపిక్సెళ్ల సెన్సర్లే పెట్టింది. మంచి వెలుతురులో, ఒకే లెన్స్‌తో, నిలకడగా ఉన్న వస్తువును ఈ మూడింటితో ఫొటో తీసి పక్కపక్కన పెడితే ఏది ఏ కెమెరాదో చెప్పడం కష్టం. సెన్సర్ల తయారీ ఆ స్థాయికి చేరింది. ధరలో తేడా వచ్చేది సెన్సర్ చుట్టూ ఉన్న యంత్రాంగం దగ్గర.

పిక్సెళ్ల అవసరం ఎంతో లెక్కేసి చూడవచ్చు. మన పెళ్లి ఆల్బమ్‌లలో 12×36 అంగుళాల షీటు మామూలు. అందులో ఒక పేజీ 12×18 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింటు వేసినా 5400×3600 పిక్సెళ్లు చాలు. నికాన్ మధ్యస్థాయి కెమెరా డీ7500 ఇచ్చే ఫొటో 5568×3712. అంటే 20.9 మెగాపిక్సెళ్లతో ఒక పేజీ పూర్తిగా నిండుతుంది. రెండు పేజీలకూ పరిచే ఫొటోను ఎలాగూ కాస్త దూరం నుంచి చూస్తారు కాబట్టి అక్కడ అంగుళానికి 150 చుక్కలున్నా కంటికి లోటు తెలియదు.

24 నుంచి 32.5 మెగాపిక్సెళ్లకు పెరగడం వినడానికి పెద్ద గెంతులా ఉంటుంది. వెడల్పులో చూస్తే 6000 పిక్సెళ్లు 6960 అవుతాయి, అంటే 16 శాతం. ఈ 16 శాతం ఎవరికి పనికొస్తుందో వాళ్లకు బాగానే పనికొస్తుంది. నేలపట్టులోనో ఉప్పలపాడులోనో గూడబాతులను దూరం నుంచి తీసి, తర్వాత క్రాప్ చేసుకునేవాళ్లకు అదనపు పిక్సెళ్లు వరమే. మిగతావాళ్లకు అవి పెద్ద ఫైళ్లు, నిండిపోయే హార్డ్ డిస్కులు. పిక్సెళ్లు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు చెయ్యి వణికినా, లెన్స్ పదును తక్కువైనా ఆ లోపం ఇంకా స్పష్టంగా బయటపడుతుంది.

కన్ను పెట్టే చోటు, వేలు పడే చోటు

డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుగు 45 డిగ్రీల కోణంలో ఉన్న అద్దం మీద పడి పైకి వెళ్తుంది. అక్కడ పెంటాప్రిజం ఆ బింబాన్ని తిన్నగా తిప్పి కంటికి అందిస్తుంది. ఎంట్రీ లెవెల్ కెమెరాల్లో గాజు ప్రిజం స్థానంలో అద్దాలు అతికించిన తేలికపాటి పెట్టె, పెంటామిర్రర్, ఉంటుంది. బరువు, ఖర్చు తగ్గుతాయి. దానితో పాటే వెలుగూ తగ్గుతుంది, బింబం చిన్నదవుతుంది.

నికాన్ ఎంట్రీ లెవెల్ కెమెరా డీ5600 వ్యూఫైండర్ ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుంది. నిలువులోనూ అడ్డంలోనూ 95 శాతం అంటే వైశాల్యంలో దాదాపు పదో వంతు కనబడనట్టే. ఫ్రేమ్ అంచున ఎవరి మోచెయ్యో, కరెంటు తీగో ఉన్న సంగతి ఫొటో చూశాకే తెలుస్తుంది. డీ7500లోనూ కెనన్ 90డీలోనూ 100 శాతం కనబడుతుంది, బింబమూ పెద్దదే. గంటల తరబడి కన్ను ఆనించి పని చేసేవాళ్లకు ఈ తేడా కొన్న మొదటి రోజే తెలుస్తుంది.

ఇక చక్రాలు. ఎంట్రీ లెవెల్ బాడీ మీద ఒకే డయల్ ఉంటుంది. షట్టర్ వేగం దానితో మారుతుంది, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మార్చాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని అదే డయల్ తిప్పాలి. మధ్యస్థాయిలో బొటనవేలికి ఒకటి, చూపుడువేలికి ఒకటి వేర్వేరుగా ఉంటాయి. ఐఎస్ఓకి (వెలుగు పట్ల సెన్సర్ సున్నితత్వానికి) ప్రత్యేక బటన్, పైన చిన్న ఎల్‌సీడీ ఉంటాయి. వ్యూఫైండర్ నుంచి కన్ను తీయకుండా మూడింటినీ మార్చుకోవచ్చు. స్పెసిఫికేషన్ల పట్టీలో ఇది ఒక్క లైనే. మాన్యువల్ మోడ్‌లో పని చేసేవాళ్లకు మాత్రం మధ్యస్థాయి బాడీ కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ఫోకస్ ఎలా జరుగుతుంది

ప్రధాన అద్దం మధ్యలో కొంత భాగం సగం పారదర్శకంగా ఉంటుంది. దాని గుండా వెళ్లిన వెలుగును వెనకున్న చిన్న ఉపఅద్దం కిందికి మళ్లిస్తుంది. కెమెరా అడుగున ఉన్న ఫోకస్ మాడ్యూల్ ఆ వెలుగును రెండుగా విడదీసి పోలుస్తుంది. రెండు బింబాల మధ్య ఎడాన్ని బట్టి లెన్స్ ఎటు తిరగాలో, ఎంత తిరగాలో ఒక్కసారిగా తేలిపోతుంది. దీన్నే ఫేజ్ డిటెక్షన్ అంటారు. పరుగెత్తే పిల్లవాడినీ ఎగిరే కొంగనూ డీఎస్ఎల్ఆర్ అందుకునేది దీనితోనే.

ఫోకస్ పాయింట్లలో రెండు రకాలు. మామూలు పాయింట్ ఒక దిశలోని గీతలను మాత్రమే పసిగడుతుంది. క్రాస్ టైప్ పాయింట్ నిలువు, అడ్డం రెండింటినీ చూస్తుంది. సాదా పట్టుచీర మీదో, మసక వెలుతురులో ముఖం మీదో పాయింట్ పెట్టినప్పుడు లెన్స్ ముందుకూ వెనక్కూ ఊగులాడుతుంటే అది చాలాసార్లు మామూలు పాయింట్ వల్లే. డీ3500లో 11 పాయింట్లుంటే క్రాస్ టైప్ ఒక్కటే. డీ5600లో 39కి 9. డీ7500లో 51కి 15. 90డీలో ఉన్న 45 పాయింట్లూ క్రాస్ టైపే. మొత్తం పాయింట్ల సంఖ్య కన్నా క్రాస్ టైప్ ఎన్ని, అవి ఫ్రేమ్‌లో ఎక్కడున్నాయన్నదే ముఖ్యం. డీ7500లో ఆ 15 మధ్యలో గుంపుగా ఉంటాయి. మనిషిని ఫ్రేమ్‌లో ఒక పక్కకు పెట్టి తీసేటప్పుడు 90డీకి ఇక్కడ పైచేయి.

ఈ పద్ధతిలో పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటుంది. ఫోకస్ కొలిచేది ఒక చోట, ఫొటో పడేది ఇంకో చోట. రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా ఉన్నా కన్ను మీద పెట్టిన ఫోకస్ చెవి మీదికో ముక్కు కొన మీదికో జారుతుంది. ఎఫ్/1.8 లెన్సులతో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే ఎపర్చర్ అంత పెద్దగా తెరుచుకుంటుంది). ఏ లెన్స్‌కి ఎంత సవరించాలో బాడీలోనే నమోదు చేసుకునే ఏర్పాటు డీ7500, 90డీ రెండింట్లోనూ ఉంది. నికాన్ దీన్ని ఏఎఫ్ ఫైన్ ట్యూన్ అంటుంది, కెనన్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ అంటుంది. ఎంట్రీ లెవెల్ బాడీల్లో ఇది లేదు. ఫోకస్ తప్పితే లెన్స్‌తో పాటు కెమెరానూ సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాల్సిందే.

తెల్లవారుజాము ముహూర్తం: వెలుగు లెక్క

తెలుగువాళ్ల పెళ్లి కెమెరాకు కఠిన పరీక్షే పెడుతుంది. రాత్రి ముహూర్తం, పసుపు బల్బులు, రంగురంగుల ఎల్ఈడీలు, మధ్యలో తలంబ్రాలు. గాల్లో ఎగిరే అక్షతలు కాస్తయినా నిలిచినట్టు కనబడాలంటే షట్టర్ 1/200 సెకను దాకా ఉండాలి.

బాడీతో పాటు కిట్‌గా వచ్చే 18-140 లాంటి జూమ్ చివరికి లాగితే ఎపర్చర్ ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. ఆ వెలుతురులో 1/200 దగ్గర ఐఎస్ఓ 12800 కావాల్సి వస్తోందనుకుందాం. అంత ఐఎస్ఓలో ముఖాల మీద నాయిస్ (గింజల్లాంటి మచ్చలు) తేలుతుంది, చీర రంగులు చప్పబడతాయి. అదే చోట ఎఫ్/2.8 జూమ్ పెడితే నాలుగింతల వెలుగు వస్తుంది, ఐఎస్ఓ 3200కి దిగుతుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్‌ని ఎఫ్/2 దగ్గర వాడితే దాదాపు ఎనిమిదింతలు, ఐఎస్ఓ 1600 చాలు.

ఇప్పుడు లెన్స్ మార్చకుండా బాడీ మార్చి చూద్దాం. ఏపీఎస్-సీ అనే చిన్న రకం సెన్సర్ నికాన్‌లో 23.5×15.7 మిల్లీమీటర్లు, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద రకం 36×24. వైశాల్యంలో తేడా 2.3 రెట్లు. అంటే ఏపీఎస్-సీ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి మారినా దక్కేది రెండింతల పైచిలుకు వెలుగు మాత్రమే. చవకైన 50 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఇచ్చే లాభం దాని కన్నా చాలా ఎక్కువ. మొత్తం డబ్బు బాడీకే పోసి కిట్ లెన్స్‌తో సరిపెట్టుకోవడం వల్ల జరిగే నష్టం ఇదే. ఒక మెట్టు కింది బాడీ, ఒక మెట్టు పై లెన్స్ తీసుకున్నవాళ్ల ఫొటోలే చీకటి హాల్లో బాగా వస్తాయి.

వెలుగు ఎంత ఉందన్నది ఒక సంగతి. అది నిలకడగా ఉందా అన్నది ఇంకో సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, చాలా రకాల బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు పెరిగి తగ్గుతూ ఉంటాయి. కంటికి తెలియదు గానీ 1/200 దగ్గర షట్టర్ ఆ చక్రంలో సగాన్నే పట్టుకుంటుంది. వరసగా తీసిన నాలుగు ఫొటోల్లో ఒకటి వెలుగ్గా, ఒకటి మసకగా, ఒకటి పసుపుగా రావడానికి కారణం ఇదే. చాలామంది దీన్ని కెమెరా లోపం అనుకుని టెన్షన్ పడతారు.

90డీ, 80డీ, డీ7500, డీ780 లాంటి బాడీలు ఈ మినుకును కొలిచి, వెలుగు గరిష్ఠంగా ఉన్న క్షణానికే షట్టర్ తెరుస్తాయి. డీ7200, డీ750లలో వ్యూఫైండర్ గుండా తీసే ఫొటోలకు ఈ సౌకర్యం లేదు. ఇండోర్ స్టేడియాల్లో, ఫంక్షన్ హాళ్లలో పని చేసేవాళ్లు ఈ ఒక్క అంశానికి ఎంత విలువిచ్చినా తప్పులేదు. ఇది కరెంటు లయకు తగ్గట్టు మినికే లైట్లకే పనిచేస్తుంది. నాసిరకం ఎల్ఈడీ డెకరేషన్ లైట్లు తమ సొంత లయలో మినుకుతాయి కాబట్టి వాటిని ఈ ఏర్పాటు పసిగట్టలేదు.

90డీ, డీ7500 పక్కపక్కన

డీ7500 2017 ఏప్రిల్‌లో, 90డీ 2019 ఆగస్టులో ప్రకటించారు. బరువు ఇంచుమించు ఒకటే: 720 గ్రాములు, 701 గ్రాములు. బ్యాటరీ ఒక్క ఛార్జింగ్‌కి సీఐపీఏ పద్ధతిలో డీ7500కి 950 ఫొటోలు, 90డీకి 1300. రెండింట్లోనూ షట్టర్ 1/8000 దాకా, ఫ్లాష్ సింక్ (ఫ్లాష్‌తో వాడగల షట్టర్ వేగం) 1/250 దాకా వెళ్తాయి.

బర్స్ట్ (ఆపకుండా వరసగా ఫొటోలు తీసే) వేగం దగ్గర ప్రకటనను కాస్త నిదానంగా చదవాలి. 90డీ సెకనుకు 10 ఫొటోలు, డీ7500 8. ఈ అంకె చూసి 90డీ వేగం అనుకోవడం సహజం. కానీ 90డీ బఫర్ (కార్డుకు ఎక్కేలోగా ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) సుమారు 25 రా ఫైళ్లకు (సెన్సర్ ఇచ్చిన పూర్తి సమాచారముండే ఫైళ్లకు) నిండుతుంది, అంటే రెండున్నర సెకన్లు. డీ7500 బఫర్ 50 రా ఫైళ్లు పడుతుంది, అంటే ఆరు సెకన్ల పైనే. కబడ్డీలో రైడర్ గీత దాటిన దగ్గర్నుంచి పట్టుబడే దాకా ఆపకుండా తీయాలంటే ఆ అదనపు సెకన్లే కీలకం.

వీడియోలో పరిస్థితి తిరగబడుతుంది. అద్దం పైకి లేచాక కింది ఫోకస్ మాడ్యూల్‌కి వెలుగు అందదు. డీ7500 అప్పుడు కాంట్రాస్ట్ పద్ధతి (లెన్స్‌ని కదుపుతూ బింబం ఎక్కడ స్పష్టమవుతుందో వెతకడం) మీద ఆధారపడుతుంది, ఫోకస్ తడుముకుంటుంది. కెనన్ 2013లో 70డీతో మొదలుపెట్టిన డ్యూయల్ పిక్సెల్ పద్ధతిలో సెన్సర్ మీది పిక్సెళ్లే ఫేజ్ డిటెక్షన్ చేస్తాయి. 90డీలో వీడియో ఫోకస్ నున్నగా సాగుతుంది. పైగా 90డీ 4కేని సెన్సర్ పూర్తి వెడల్పుతో తీస్తుంది. డీ7500 4కేలో ఇంకో ఒకటిన్నర రెట్లు కోసేస్తుంది, దాంతో 18 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 40 ఎంఎంలా చూపిస్తుంది. చిన్న గదిలో ఇంటర్వ్యూ తీయడానికి అది ఇరుకే. వీడియో పని ఎక్కువున్నవాళ్లకు ఈ రెండింట్లో 90డీయే సరైనది.

పెళ్లిళ్లకు మాత్రం రెండింట్లోనూ ఒక లోటుంది. కార్డు స్లాటు ఒక్కటే. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం. కార్డు పాడైతే ఆ కుటుంబానికి ఆ క్షణం పోయినట్టే. పాత డీ7200లో రెండు స్లాట్లున్నాయి, నికాన్ తర్వాతి మోడల్‌లో ఒకటి తీసేసింది. డీ750, కెనన్ 7డీ మార్క్ 2 లాంటివీ రెండేసి స్లాట్లు ఉన్నవే. డబ్బు తీసుకుని పెళ్లి తీసేవాళ్లు కొత్త సెన్సర్ కన్నా రెండో స్లాటుకే ముందు ప్రాధాన్యం ఇవ్వాలి.

లెన్సుల రేపటి సంగతి

బాడీ అయిదారేళ్లకు మారుతుంది, మంచి లెన్స్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్‌ని బాడీకి బిగించే పద్ధతి) 1959 నాటిది, కెనన్ ఈఎఫ్ 1987 నాటిది. ఈఎఫ్ లెన్సులన్నిట్లో ఆటోఫోకస్ మోటారు లెన్స్‌లోనే ఉంటుంది. నికాన్ పాత ఏఎఫ్, ఏఎఫ్-డీ లెన్సులను బాడీలోని మోటారే తిప్పాలి. డీ7500లో ఆ మోటారు ఉంది, డీ5600, డీ3500లలో లేదు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8డీ ఆ చిన్న బాడీల మీద చేత్తో ఫోకస్ చేసుకునే లెన్స్‌గా మిగిలిపోతుంది.

రేపు మిర్రర్‌లెస్‌కి మారితే ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది. ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో కెనన్ ఆర్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో మోటారు లేదు. కాబట్టి మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఇబ్బంది లేదు గానీ, ఏఎఫ్-డీకి ఆటోఫోకస్ రాదు. ఈరోజు నికాన్ లెన్స్ కొనేటప్పుడు పేరులో ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ ఉందేమో చూసుకోవడం ముందుచూపు.

అసలు నేరుగా మిర్రర్‌లెస్సే ఎందుకు కొనకూడదన్న ప్రశ్న న్యాయమైనదే. సెన్సరే ఫోకస్ కొలుస్తుంది కాబట్టి ముందుకు వెనక్కు జారే గొడవ లేదు. కొత్త మోడళ్లు కంటిని గుర్తుపట్టి దాన్నే అంటిపెట్టుకుంటాయి. 2022లో వచ్చిన కెనన్ ఆర్7లో 32.5 మెగాపిక్సెళ్లు, రెండు కార్డు స్లాట్లు, బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉన్నాయి. కొత్తది కొనగల బడ్జెట్ ఉంటే డీఎస్ఎల్ఆర్ వైపు చూడాల్సిన అవసరం తక్కువే. డీఎస్ఎల్ఆర్ నెగ్గేది పాతది కొన్నప్పుడు, పైసాకు దక్కే పనిలో. ఒకే ధరకు కొత్త ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్, కిట్ లెన్స్ ఒకవైపు, పాత మధ్యస్థాయి డీఎస్ఎల్ఆర్‌తో పాటు ఎఫ్/2.8 జూమ్ ఇంకోవైపు ఉన్నప్పుడు రెండోదే ఎక్కువ పని చేసిపెడుతుంది. బ్యాటరీ కూడా అటే మొగ్గుతుంది. నికాన్ మిర్రర్‌లెస్ జడ్50 ఒక ఛార్జింగ్‌కి సుమారు 300 ఫొటోలిస్తుంది, డీ7500 దానికి మూడింతలు.

పాత బాడీ చేతిలోకి తీసుకున్నప్పుడు

షట్టర్‌కి ఆయుష్షు ఉంది. 90డీకి 1,20,000, డీ7200, డీ7500, డీ750లకు 1,50,000 క్లిక్కులని కంపెనీల అంచనా. అది దాటగానే ఆగిపోతుందని కాదు, అక్కడి నుంచి భరోసా తగ్గుతుంది. నికాన్ ఫొటో ఫైలులోనే క్లిక్కుల సంఖ్య రాసి ఉంటుంది, కొత్తగా తీసిన ఒక ఫొటోను కంప్యూటర్‌లో చూస్తే చాలు. కెనన్‌కి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. పెళ్లి సీజన్లలో తిరిగిన బాడీకీ ఇంట్లో దాచిన బాడీకీ ఈ అంకెలో తేడా లక్ష దాకా ఉండొచ్చు.

ఎపర్చర్ ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను ఫొటో తీస్తే సెన్సర్ మీది దుమ్ము, నూనె చుక్కలు నల్ల మచ్చలుగా కనబడతాయి. దుమ్ము తుడిస్తే పోతుంది. నూనె మళ్లీ మళ్లీ పడుతుంటే షట్టర్ యంత్రాంగంలోనే తేడా ఉన్నట్టు. ఎఫ్/1.8 లెన్స్ ఒకటి వెంట తీసుకెళ్లి దగ్గర్లో ఉన్న అక్షరాల మీద వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనక తెర మీద చూస్తూ) ఒకసారి ఫోకస్ చేసి పోల్చుకుంటే ఫోకస్ జారుతోందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

లెన్స్ విషయంలో కోస్తా జిల్లాల నుంచి వచ్చిన సరుకును ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఉక్కపోతలో సంచిలోనే ఉండిపోయిన లెన్సుల్లో ఫంగస్ పెరుగుతుంది. రెండు చివర్లా మూతలు తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూస్తే సాలెగూడు లాంటి సన్నని పోగులు కనబడతాయి. అంచున చిన్నగా ఉంటే ఇప్పటికిప్పుడు ఫొటోలో తెలియకపోవచ్చు. కానీ శుభ్రం చేయించకపోతే అది పెరుగుతూ పోతుంది, అద్దం మీది కోటింగ్‌ని తినేస్తుంది. శుభ్రం చేయించే ఖర్చు ఒక్కోసారి ఆ లెన్స్ ధరనే మించిపోతుంది. ధర ఎంత దిగినా అలాంటిదాన్ని అక్కడే వదిలేసి రావడం మంచిది.